నాలుగింట ఒకటి అంటే నాలుగో బిడ్డకని కాదు
వంశపారంపర్యం, జన్యువులపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా బాబుకి సికిల్ సెల్ జబ్బు. మా ఇద్దరికీ ఏ ఇబ్బందీ లేదు. ఇది నాలుగింట ఒకరికి వస్తుందని డాక్టరుగారు చెప్పారు. ఒకరికి వచ్చేసింది కాబట్టి తరవాత పుట్టేవాళ్లకి భయం లేనట్టేనా?

జవాబు: అలా అనుకోవద్దండి. ఆ లెక్క కుటుంబం మొత్తానికి కాదు, ప్రతి కానుపుకీ విడిగా వర్తిస్తుంది. ఈ జబ్బు హీమోగ్లోబిన్‌కి సంబంధించిన బీటా గ్లోబిన్ జన్యువు మారడంవల్ల వస్తుంది. మీ ఇద్దరిలోనూ ఆ జన్యువు ప్రతులు రెండేసి ఉన్నాయి. ఒకటి మామూలుది, ఒకటి మారినది. అండంలోకి గానీ వీర్యకణంలోకి గానీ ఆ రెంటిలో ఒక్కటే వెళ్తుంది. ఏది వెళ్తుందన్నది బొమ్మా బొరుసే. ఇద్దరి నుంచీ మారినదే చేరే అవకాశం సగంలో సగం, అంటే నాలుగో వంతు. మొదటి బిడ్డకు ఏం చేరిందన్నది రెండో బిడ్డ విషయంలో లెక్కలోకే రాదు.

ఇంకో ముగ్గురు పుడితే ముగ్గురూ జబ్బు లేకుండా ఉండే అవకాశం 64లో 27, అంటే నూటికి 42 మాత్రమే. మీలాంటి దంపతులకు నలుగురేసి పిల్లలుంటే, సుమారు 32 శాతం ఇళ్లలో ఒక్కరికీ జబ్బు రాదు, 26 శాతం ఇళ్లలో ఇద్దరికో అంతకన్నా ఎక్కువమందికో వస్తుంది. ‘మా వంశంలో ఎవరికీ లేదే’ అన్న మాట వెనక కొన్నిసార్లు ఉండేది ఆ 32 శాతం అదృష్టమే.

జబ్బు లేకుండా పుట్టిన బిడ్డ వాహకుడయ్యే, అంటే మీలాగే మారిన ప్రతి ఒక్కటి మోసే, అవకాశం సగం కాదు, మూడింట రెండు. నాలుగు కలయికల్లో జబ్బు కలయిక పక్కకు పోయింది, మిగిలిన మూడింటిలో రెండు వాహకులవే.

మళ్లీ గర్భం దాల్చక ముందే జన్యు సలహా తీసుకోండి. మావి నుంచి చిన్న ముక్క తీసే పరీక్ష సాధారణంగా 11 నుంచి 14 వారాల మధ్య, ఉమ్మనీటి పరీక్ష 15 వారాల తరవాత చేస్తారు. వాటికన్నా ముందే మీ ఇద్దరి జన్యుమార్పులు డీఎన్ఏ పరీక్షలో తేలి ఉండాలి. గర్భం వచ్చాక మొదలుపెడితే వారాలు చేజారిపోతాయి.

ప్రశ్న: నేను సికిల్ సెల్ వాహకురాలిని. నాకు కుదిరిన అబ్బాయి బీటా తలసీమియా వాహకుడు. జబ్బులు వేరు కదా, పిల్లలకు ఏమీ కాదనుకోవచ్చా?

జవాబు: పేర్లు వేరు, జన్యువు ఒక్కటే, అదే బీటా గ్లోబిన్. తలసీమియాలో హీమోగ్లోబిన్ తగినంత తయారుకాదు. మీ నుంచి సికిల్ ప్రతి, ఆయన నుంచి తలసీమియా ప్రతి చేరిన బిడ్డకు మామూలు ప్రతి ఒక్కటీ మిగలదు. ఆ అవకాశమూ ప్రతి కానుపుకీ నాలుగో వంతే. ఆయన జన్యుమార్పు హీమోగ్లోబిన్‌లోని బీటా గొలుసును బొత్తిగా తయారుకానివ్వని రకమైతే, బిడ్డ జబ్బు దాదాపు అసలు సికిల్ సెల్ అంత తీవ్రంగా ఉంటుంది.

పరీక్షల్లో రెండు చోట్ల పొరపాటు పడుతుంటారు. సికిల్‌కి చేసే సాల్యుబిలిటీ పరీక్ష ‘ఉంది’ అని మాత్రమే చెబుతుంది. వాహకుడో రోగో చెప్పలేదు, తలసీమియాను అసలు పట్టదు. హీమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ గానీ ఎలక్ట్రోఫోరెసిస్ గానీ చేయించాలి. ఇక బీటా తలసీమియా వాహకుల్లో ఏ2 అనే రకం హీమోగ్లోబిన్ సాధారణంగా 3.5 శాతం దాటుతుంది. ఐరన్ బాగా తక్కువగా ఉంటే ఆ అంకె కిందికి జారి, రిపోర్టు మామూలుగా కనబడొచ్చు. ఎర్రకణాలు చిన్నవిగా ఉండి ఏ2 సరిహద్దులో ఉంటే ఐరన్ సరిచేసి మళ్లీ చూడాలి.

ప్రశ్న: మా ఇద్దరిదీ ఏ పాజిటివ్. పాపది ఓ నెగటివ్ అని వచ్చింది. రిపోర్టు తప్పేనా?

జవాబు: తప్పు కానక్కర్లేదు. ‘ఏ’ గ్రూపు కనబడడానికి ఒక్క ‘ఏ’ ప్రతి చాలు, రెండోది ‘ఓ’ అయినా బయటపడదు. పాజిటివ్ వెనక నెగటివ్ దాగడమూ అంతే. ఇద్దరి దగ్గరా రెండూ దాగి ఉంటే ఓ నెగటివ్ బిడ్డ పుట్టే అవకాశం 16లో 1.

తల్లిదండ్రులు ఏబీ, ఓ అయినప్పుడు బిడ్డ ఓ అని వస్తే మాత్రం ఆగి చూడాలి. ముందు అనుమానించాల్సింది నమూనా మీది లేబుల్‌ని, మనుషుల్ని కాదు. అరుదుగా బాంబే గ్రూపు కావచ్చు. 1952లో బయటపడిన ఈ గ్రూపువారిలో ఏ, బీ లకు పునాది అయిన హెచ్ పదార్థమే తయారుకాదు. ‘ఏ’, ‘బీ’ జన్యువులున్నా మామూలు పరీక్షలో ‘ఓ’ లాగే కనబడతారు. కానీ వీరికి ఓ రక్తం ఎక్కిస్తే ప్రమాదం.

ప్రశ్న: మా నాన్నకు ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదు. నాకూ తమ్ముడికీ బాగానే తెలుస్తుంది. మా అబ్బాయికి మళ్లీ వచ్చింది. ఒక తరం ఎలా తప్పింది?

జవాబు: తప్పలేదండి, మీలోనే ఉంది. ఆ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. తండ్రి కొడుక్కి ఇచ్చేది వై, కూతురికి ఇచ్చేది తన ఒకే ఒక్క ఎక్స్. అందుకే మీ తమ్ముడికి ఆయన నుంచి రాలేదు, మీకు కచ్చితంగా వచ్చింది. మీ రెండో ఎక్స్ పని నడిపిస్తోంది కాబట్టి మీకు తెలియలేదు. మీ ప్రతి కొడుక్కీ సగం అవకాశం. తమ్ముడి పిల్లలకు తాతగారి నుంచి ఇది చేరదు.

ప్రశ్న: బడిలో మెండెల్ బఠాణీ ప్రయోగం చేయించాం. ముడతల గింజల మొక్క పువ్వు మీద గుండ్రటి రకం పుప్పొడి వేశాం. తొలి తరంలోనే ముడతల గింజలొచ్చాయి. ఏం తప్పు చేశాం?

జవాబు: అవి సంకరం కాలేదు, స్వపరాగంతో, అంటే ఆ పువ్వు సొంత పుప్పొడితోనే ఏర్పడ్డాయి. బఠాణీలో పువ్వు విచ్చుకోకముందే పుప్పొడి తిత్తులు పగులుతాయి. మీరు విచ్చిన పువ్వునో, విచ్చబోయే మొగ్గనో తీసుకుని ఉంటారు. రేకులు రక్షక పత్రాల్లోంచి ఇంకా పూర్తిగా బయటికి రాని మొగ్గ కావాలి. సూదితో అడుగు రేకును చీల్చి, పుప్పొడి తిత్తులుండే కేసరాలు లాగేయండి. తొమ్మిది ఒక గొట్టంగా కలిసి ఉంటాయి, పదోది విడిగా ఉంటుంది. పదీ వచ్చాయో లేదో లెక్కపెట్టండి. పట్టకారుకు పసుపు పొడి అంటితే ఆ మొగ్గను పారేయండి. కీలాగ్రానికి, అంటే పుప్పొడిని అందుకునే కొనకు, తండ్రి మొక్క పుప్పొడి అద్ది, సంచి తొడిగి, చీటీ కట్టండి. పట్టకారును ప్రతిసారీ స్పిరిటుతో తుడవాలి.

ముడతల మొక్కను తల్లిగా ఎంచుకోవడం మాత్రం భేషైన పని. తప్పు జరిగితే ఆ కాయలోనే బయటపడుతుంది. గుండ్రటిది తల్లయితే స్వపరాగమైనా గింజ గుండ్రంగానే ఉండి, పొరపాటు తరవాతి తరం దాకా తెలియదు.

లెక్కలో ఇంకో చిక్కుంది. గింజ ఆకారం, పప్పుబద్దల రంగు లోపలి పిండానివి, కాబట్టి సంకరం ఫలితం తల్లి మొక్క కాయలోనే కనబడుతుంది. ఆ గింజలు నాటితే వచ్చే కాయల్లో గుండ్రటివీ ముడతలవీ కలిసి ఉంటాయి, అదే రెండో తరం. పూలరంగు, ఎత్తు చూడాలంటే మళ్లీ నాటాల్సిందే. గింజ పైపొర తల్లిదే.

ఒక్క కాయలో 3:1 వెతక్కండి. మెండెల్ 7,324 గింజలు లెక్కపెడితే 5,474 గుండ్రటివి, 1,850 ముడతలవి వచ్చాయి, 2.96:1. మీరు 200 లెక్కపెడితే ముడతలవి 38 నుంచి 62 దాకా ఎన్నొచ్చినా కంగారుపడక్కర్లేదు. బాగా ఎండాకే లెక్కించండి. ముడతల రకంలో పిండిపదార్థాన్ని శాఖలుగా అల్లే ఎంజైము ఒకటి లోపించడంతో చక్కెర పేరుకుంటుంది, అది నీటిని లాగుతుంది, ఆ నీరు ఎండాకే గింజ ముడుచుకుంటుంది. లేత గుండ్రటి గింజను కోసి ఎండబెట్టినా ముడతలు పడుతుంది, దాన్ని ఈ లెక్కలో కలపొద్దు.

ప్రశ్న: హైబ్రిడ్ టమాటా గింజలు దాచి నాటితే మొక్కకొక తీరుగా కాస్తున్నాయి. ఆ రకాన్ని నిలబెట్టుకోలేమా?

జవాబు: హైబ్రిడ్‌గా నిలబెట్టలేం. ఒకదానితో ఒకటి సంబంధం లేని పది జన్యువుల్లో తేడా ఉన్నా, పదింటిలోనూ మొదటి మొక్కలాగే మిశ్రమంగా, అంటే రెండు ప్రతులూ వేరువేరుగా, ఉండేది 1,024లో ఒక్కటే. నచ్చిన మొక్కల గింజలు విడివిడిగా దాచి, విడి సాళ్లలో వేస్తూ పోతే మిశ్రమం తరానికి సగం తగ్గుతుంది. హైబ్రిడ్‌ని మొదటి తరం అనుకుంటే ఏడో తరానికి 64లో ఒక వంతే మిగులుతుంది. అప్పుడు కాపు ఒకే తీరుగా వస్తుంది, కాకపోతే అది మీ ఎంపిక ఇచ్చిన కొత్త రకం.

కావలసింది అంతర్గత లక్షణమైతే, అంటే రెండు ప్రతులూ ఉంటేనే కనబడేదైతే, పని సులువు, కనబడిన మొక్క అప్పటికే శుద్ధమైనది. ఒక్క ప్రతితోనే కనబడే బహిర్గత లక్షణమైతే రెండో తరంలో ఆ లక్షణమున్న మొక్కల్లో మూడింట ఒకటే శుద్ధం. ఏదన్నది తేలాలంటే ఒక్కో మొక్క గింజలు వేసి చూడాలి. ఒక్కోదానికి పది మొక్కలు పెంచితే నూటికి ఐదారు మిశ్రమ మొక్కలు శుద్ధమైనవిగా చలామణీ అయిపోతాయి, 16 పెంచితే ఒకటే. పూలరంగు లాంటి లక్షణాలకు మెండెల్ వేసింది పదే. 1936లో గణాంక శాస్త్రవేత్త ఫిషర్ ఆయన లెక్కల్ని తప్పుపట్టిన చోట్లలో అదీ ఒకటి.