మురుగుబోదె గట్టున నారింజ రెక్కల తూనీగ ఏది?

అమలాపురం పక్కన మురుగుబోదె గట్టు మీద నారింజ రెక్కల తూనీగలు కనిపిస్తున్నాయి, వరిచేలో తిరిగే ఎర్ర తూనీగలూ ఇవీ ఒకటేనా అని అడిగారు.

ఒకటి కాదండి. బోదె దగ్గరవి డిచ్ జ్యూవెల్, శాస్త్రనామం బ్రాకీథెమిస్ కంటామినాటా. చేలోవి చాలావరకు స్కార్లెట్ స్కిమ్మర్ అయ్యుంటాయి. ఒంటి రంగు చూస్తే పొరబడతారు, మొదట రెక్కల రంగు చూడండి. డిచ్ జ్యూవెల్ మగదానికి నారింజ రంగు రెక్క మొదలు నుంచి పరుచుకుని కొసకి కాస్త ఇవతలే ఆగిపోతుంది. కొస గాజులా తేటగా ఉంటుంది, అంచున చిన్న తుప్పురంగు గడి. స్కార్లెట్‌కి రెక్కంతా తేటే, మొదట్లో మాత్రం తేనెరంగు మచ్చ. పొట్ట మీద నడిమధ్య సన్నటి నల్లగీత ఉంటుంది. సైజులోనూ పెద్దది: వెనక రెక్క 27–38 మి.మీ., డిచ్ జ్యూవెల్ మగదానికి 20–23 మి.మీ.

తిరకాసంతా ఆడవాటితోనే. రెక్కలు తేటగా, ఒళ్లు పాలిపోయిన పసుపు. లేత మగవీ మొదట్లో అలాగే ఉంటాయి. పక్కనుంచి చూడండి, పొట్ట రెండో కణుపు అడుగున బుడిపె ఉంటే మగది. అందుకే పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి ఫొటో తియ్యాలి. మీ నీడ పడితే లేచిపోతుంది. వెంటపడకండి, కదలకుండా కూర్చుంటే చాలాసార్లు అదే పుల్ల మీదకి వచ్చి వాలుతుంది.

నిలవనీరు, గుర్రపుడెక్క పట్టిన బోదెలు, చెరువు అంచులు దీని చోటు. నీటికి దగ్గరగా, తక్కువ ఎత్తులోనే తిరుగుతుంది. తూనీగలుంటే నీళ్లు మంచివనే మాట ఈ రకానికి మాత్రం చెల్లదు, మురుగుని బాగా తట్టుకుంటుంది. ఇదొక్కటే గుంపులుగా ఉండి వేరే రకాలు కనబడకపోతే ఆ నీటిని అనుమానించాల్సిందే.

అయినా దీన్ని పోగొట్టుకోకండి. దీని పిల్లలు నీళ్లలోనే పెరుగుతూ దోమ పిల్లల్ని తింటాయి. పూడిక తీసేటప్పుడు రెండు గట్లూ ఒకేసారి నున్నగా గీకించకుండా ఒక వైపు మొక్కలు వదిలేయండి. రెక్కలొచ్చే రోజున పిల్ల పైకి పాకడానికి కాడ కావాలి. తూటికాడకి నీటిపైన గోధుమరంగు డొల్ల, వీపు చీలి, ఖాళీగా అంటుకుని ఉందంటే ఏదో ఒక తూనీగ అక్కడే పైకొచ్చిందన్నమాట.