ఫిజీలోని ‘వీటి లేవు’ ద్వీపాన్ని బస్సుల్లో చుట్టి రాబోయే అమ్మాయికి

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

నీవూ అల్లుడుగారూ ఫిజీ వెళ్ళాలనుకుంటున్నారనీ, కారు అద్దె చూసి వెనుకాడుతున్నారనీ మీ నాన్న ఫోనులో చెప్పాడు. ఆ బెంగ అక్కరలేదు. ఫిజీలోకెల్లా పెద్ద ద్వీపమైన వీటి లేవులో సామాన్య ప్రజలు ఎక్కే బస్సులు ద్వీపం చుట్టూ తిరుగుతాయి. అక్కడ ఉద్యోగం చేసిన కాలంలో నేను వాటిలోనే తిరిగాను, మీకూ వాటినే గట్టిగా చెబుతున్నాను. అయితే మీ రోజును బస్సు వేళలకు తగినట్టు అమర్చుకోవాలి. తెల్లవారి బయలుదేరి, మధ్యాహ్నానికి బస చేరుకునేవారికి ఆ ద్వీపం ఎంతో చవక. సాయంత్రం బయలుదేరేవారికి టాక్సీ తప్ప గతి ఉండదు.

పశ్చిమాన విమానం దిగే నాండి, ఆగ్నేయాన రాజధాని సువా. దక్షిణ తీరం వెంబడి పోయేది క్వీన్స్ రోడ్, ఉత్తరం నుంచి చుట్టి వచ్చేది కింగ్స్ రోడ్. రెండూ ఇటు నాండికి ఉత్తరాన ఉన్న లౌటోకాలోనూ అటు సువాలోనూ కలుస్తాయి. క్వీన్స్ రోడ్‌లో వెళ్ళి కింగ్స్ రోడ్‌లో తిరిగి రండి. అలా చుట్టేటప్పుడు రెండు దారుల్లోనూ సముద్రం మీ కుడివైపే ఉంటుంది. ఇంకొక సంగతి గుర్తుంచుకోండి: అది దక్షిణార్ధగోళం కనుక మీరు వెళ్ళే చలికాలపు నెలల్లో మధ్యాహ్నపు ఎండ ఉత్తరం నుంచి పడుతుంది. అందువల్ల వెళ్ళేటప్పుడు కుడివైపు సీటు నీడగా ఉంటుంది, తిరుగు ప్రయాణంలో అదే కుడివైపు ఎండ కాస్తుంది. బోర్డుల మీద పేరు ‘నాడి’ అన్నట్టు రాసి ఉన్నా, డ్రైవరుతో నాండి అనే చెప్పాలి.

విమానాశ్రయం నుంచి బయటికి రాగానే వొడాఫోన్ కౌంటరులో ఈ-ట్రాన్స్‌పోర్ట్ కార్డు కొని డబ్బు వేయించుకోండి. 2017 నుంచి అక్కడి బస్సులు ఈ కార్డు పద్ధతిలోకి మారాయి. మళ్ళీ మళ్ళీ డబ్బు వేసుకునే వీలున్న కార్డే తీసుకోవాలి, ఇద్దరికీ చెరొకటి ఉండాలి. ఎక్కగానే దిగే ఊరు డ్రైవరుకు చెబితే దూరాన్ని బట్టి ఛార్జీ తీసుకుని టికెట్ ఇస్తాడు. దారిలో చెకింగువారు ఎక్కుతారు కనుక దిగేదాకా దాన్ని పారేయకూడదు. చిన్న పల్లెల్లో కార్డులో డబ్బు వేసే దుకాణం దొరకకపోవచ్చు కాబట్టి పట్నం వదిలే ముందే చాలినంత వేయించుకోండి.

నాండి నుంచి సువాకు సుమారు 200 కిలోమీటర్లు. ఎక్స్‌ప్రెస్ బస్సుకు దాదాపు నాలుగు గంటలు పడుతుంది, లోకల్ బస్సు అడిగిన చోటల్లా ఆగుతూ ఇంకా ఆలస్యంగా చేరుతుంది. నా మాట వింటే ఒక్క రోజులో ఆ దూరం దాటవద్దు. సింగటోకాకు కొంచెం ముందు, రోడ్డు పక్కనే ఇసుక తిన్నెల జాతీయ ఉద్యానవనం ఉంది. 1989లో ఏర్పడిన ఇది ఫిజీలో మొట్టమొదటి జాతీయ ఉద్యానవనం, బస్సు దాని ముందే ఆగుతుంది. అక్కడి నుంచి కోరోలేవు వరకు సముద్రాన్ని ఆనుకుని సాగే దారిలో మాత్రం లోకల్ బస్సే ఎక్కండి. పాత లోకల్ బస్సుల కిటికీలకు అద్దాలుండవు, వాన పడితే పైన చుట్టి కట్టిన టార్పాలిన్‌ను ఆ వరుసలో కూర్చున్నవారే దించుకోవాలి. సువా వైపు వాన ఎక్కువ. పాస్‌పోర్టులనూ ఫోన్లనూ ప్లాస్టిక్ సంచిలో పెట్టుకోండి. స్కూళ్ళు వదిలే వేళ పెద్ద సంచులతో ఎక్కి పిల్లలకు ఇబ్బంది కలిగించవద్దు.

టాక్సీల నంబరు ‘ఎల్‌టీ’ అక్షరాలతో మొదలవుతుంది, మినీబస్సులది ‘ఎల్‌ఎమ్’తో. పట్నంలో మీటరు వేయమని మర్యాదగా అడగండి. దూర ప్రయాణమైతే ఎక్కకముందే మొత్తం మాట్లాడుకోవాలి. ఖాళీగా తమ ఊరికి తిరిగిపోయే టాక్సీలు దాదాపు బస్సు ఛార్జీకే మనుషులను ఎక్కించుకోవడం అక్కడ వాడుక, దాన్ని రిటర్న్ టాక్సీ అంటారు. సువాలో చీకటి పడ్డాక నడవకుండా, ఎంత దగ్గరైనా టాక్సీలోనే వెళ్ళండి.

భోజనానికి హోటళ్ళ వెంట పడవద్దు. నాండిలోనూ సువాలోనూ బస్‌స్టాండును ఆనుకునే మార్కెట్ ఉంటుంది. కూర చుట్టిన రోటీ పొట్లాలు అక్కడ చవకగా దొరుకుతాయి, అరటిపండ్లూ బొప్పాయిలూ తూకానికి కాక కుప్పల లెక్కన అమ్ముతారు. నీ హిందీతో అక్కడివారి ఫిజీ హిందీ చాలావరకు అర్థమవుతుంది. వాళ్ళలో కొందరి తాతముత్తాతలు మన తెలుగువాళ్ళే. 1903 నుంచి మద్రాసు రేవులో కూలి ఒప్పందాల మీద ఓడలెక్కి, చెరకు తోటల్లో నలిగిపోయినవారు. సువాలో ఫిజీ మ్యూజియానికి తప్పక వెళ్ళి ఆ గిర్మిట్ (కూలి ఒప్పందానికి అక్కడి పేరు) కాలపు వస్తువుల ముందు కాసేపు నిలబడండి. నాండి ప్రధాన వీధి చివర ఉన్న సుబ్రహ్మణ్యస్వామి గుడికి దక్షిణాది వారి ‘సంగం’ అనే సంస్థ 1994లో కొత్త ఆలయం కట్టించింది. దర్శనానికి ఒళ్ళు కప్పే బట్టలు వేసుకోవాలి.

తిరుగు దారి కింగ్స్ రోడ్‌లో పర్యాటకులు తక్కువ. రాకిరాకి, తవువా, బా పట్టణాల మీదుగా చెరకు పొలాల నడుమ సాగుతుంది. జూన్ నుంచి నవంబరు దాకా చెరకు కోత కనుక లారీల వెనుక బస్సు నెమ్మదిస్తుంది, రాకిరాకిలో ఒక రాత్రి ఆగడం మంచిది. ఎవరైనా తమ పల్లెకు పిలిస్తే మార్కెట్లో, వారు పానీయం చేసుకునే యంగోనా మొక్క ఎండిన వేళ్ళ కట్ట కొని పట్టుకెళ్ళి పెద్దకు సమర్పించాలి. దాన్ని సేవుసేవు అంటారు, అది లేకుండా గడప తొక్కడం వారిని అగౌరవపరచడమే. పల్లెలో టోపీ తీసేయాలి, భుజాలూ మోకాళ్ళూ కప్పుకోవాలి, ముద్దుకైనా పిల్లల తల తాకకూడదు.

ఆదివారం బస్సులు చాలా తక్కువ, దుకాణాలు మూసి ఉంటాయి. ఆ రోజు ప్రయాణం పెట్టుకోవద్దు. మే నుంచి అక్టోబరు మధ్యనే వెళ్ళండి. నవంబరు నుంచి ఏప్రిల్ వరకు తుఫానుల కాలం. 2016 ఫిబ్రవరిలో విన్‌స్టన్ తుఫాను రాకిరాకి తీరాన్ని ఎంతగా ధ్వంసం చేసిందో చెప్పడానికి నాకు మాటలు చాలవు.

తిరుగు విమానానికి ముందు రోజు సాయంత్రానికల్లా నాండి చేరిపోండి. మీరు ఏ తేదీకి టికెట్లు తీసుకున్నారో వ్రాస్తే, ఏ ఊళ్ళో ఎన్ని రాత్రులు ఆగాలో అల్లుడుగారికి విడిగా వ్రాసి పంపుతాను.

ఇట్లు,
మీ పెదనాన్న