జీనోమ్ ల్యాబ్‌లో గైడుకి మార్కులు వేయడం ఎలా?

పాఠకుల ప్రశ్నలు – నిపుణుల జవాబులు

విశాఖ మద్దిలపాలెంలో మేం పదిమంది రిటైర్డ్ సైన్స్ లెక్చరర్లం ఒక సంఘం నడుపుతున్నాం. జన్యు పరిశోధనలోకి అమ్మాయిల్ని, మన్యం పిల్లల్ని, దివ్యాంగుల్ని తీసుకొచ్చి నిలబెట్టిన శాస్త్రవేత్తకు ఏటా ఒక పురస్కారం ఇద్దామని ఉంది. శాలువా, జ్ఞాపిక, పాతిక వేల రూపాయలు అనుకున్నాం. ఎంపికకి ఏం చూడాలి?
– కార్యదర్శి, మద్దిలపాలెం

శాలువా సంగతి తర్వాత. ముందు దరఖాస్తు ఫారం సరిచూసుకోండి, ఇలాంటి పురస్కారాలు చెడేది అక్కడే. ‘మీరు చేసిన కృషిని 500 మాటల్లో వివరించండి’ అని అడిగారంటే ప్రైజు మాటకారికి పోతుంది. వ్యాసం బదులు పట్టిక అడగండి. గడిచిన 5 ఏళ్లలో ఆ ల్యాబ్‌లో చేరిన ప్రతి ఒక్కరికీ అందులో ఒక వరుస ఉండాలి: పీహెచ్‌డీ స్కాలర్లు, ప్రాజెక్ట్ అసిస్టెంట్లు, టెక్నీషియన్లు, అందరికీ. ఎప్పుడు చేరారు, ఇప్పుడెక్కడున్నారు, ఎన్ని పేపర్లలో పేరుంది, వాటిలో ఎన్నింటికి తొలి రచయిత. పేర్లు అక్కర్లేదు, క్రమసంఖ్యలు చాలు.

ఉదాహరణకి ఎనిమిది మంది చేరారనుకోండి. ముగ్గురికి పట్టా వచ్చింది, నలుగురు చదువుతున్నారు, ఒకరు మానేశారు. మీ ప్రశ్నలన్నీ ఆ ఒక్కరి గురించే ఉండాలి. ఇంకా మంచి ఉద్యోగం దొరికి వెళ్తే అది గైడుకి మచ్చ కాదు. రెండో ఏడాది మధ్యలో, ఒక్క పేపరూ లేకుండా వెళ్లిపోతే కారణం తెలుసుకోవాలి. ఆ లెక్కని అదే విభాగంలోని మిగతా ల్యాబ్‌లతో పోల్చండి. ఎనిమిది మందిలో శాతాలు తీయకండి, ఒక్కరు అటూ ఇటూ అయితే పన్నెండున్నర శాతం ఊగిపోతుంది.

వేసవి ఇంటర్న్‌లకి వేరే పట్టిక పెట్టండి. నలభై మందిని రెండు వారాలు కూర్చోబెట్టి, చివరి రోజు సర్టిఫికెట్లిచ్చి గ్రూపు ఫొటో తీయించుకుంటే అది పరిశోధనా శిక్షణ కిందకి రాదు. కనీసం ఎనిమిది వారాలు పనిచేసి, తన చేత్తో డీఎన్ఏ తీసి, పీసీఆర్ (డీఎన్ఏ ముక్కకి లెక్కలేనన్ని నకళ్లు తీసే పద్ధతి) వేసి, జెల్ మీద ఫలితం చూసి, అది తప్పితే ఎందుకు తప్పిందో నోట్‌బుక్‌లో రాసినవాళ్లనే లెక్కలోకి తీసుకోండి.

పేపర్ల దగ్గర ఇంకాస్త లోతుకి వెళ్లాలి. మన్యంలో రక్త నమూనాలు సేకరించేటప్పుడు సమ్మతి పత్రాన్ని అక్కడి భాషలైన కువిలోనో ఆదివాసీ ఒడియాలోనో చదివి వినిపించేది ఆ ఊరి కుర్రాడే. ‘ఈ రక్తం దేనికి, మళ్లీ ఇంకో పరీక్షకి వాడతారా’ అని పెద్దలు అడిగితే సమాధానం చెప్పేదీ అతనే. పేపరు అచ్చయ్యాక అతని పేరు కృతజ్ఞతల్లో కూడా కనబడదు. ఎవరు ఏ పని చేశారో చెప్పడానికి పత్రికలు వాడే ‘క్రెడిట్’ పద్ధతిలో 14 రకాల పాత్రలున్నాయి. నమూనాల సేకరణ, డేటా సర్దుబాటు వాటిలోకి వస్తాయి. మీ అభ్యర్థి పేపర్లు ఐదు తెప్పించి, రచయితల పాత్రలు రాసిన పేరా ఒక్కటీ చదవండి. అరగంట పని.

తర్వాత ఉత్తరాలు. ల్యాబ్‌లో పనిచేసినవాళ్ల దగ్గర్నుంచి మూడు, నేరుగా మీ కమిటీకే రావాలి. గైడు చేతుల మీదుగా వచ్చిన ఉత్తరానికి విలువ లేదు, ఫెలోషిప్ కొనసాగాలంటే ఆ గైడు సంతకమే కావాలి కాబట్టి. మూడింటిలో రెండు ఇప్పటికే బయటికి వెళ్లినవాళ్లవైతే మేలు.

మార్కులు ఎలా పంచుతారంటే, మా సూచన ఇది: నిలిచినవాళ్లకి 40, పేపర్లలో వాటాకి 25, ల్యాబ్ నడిపే తీరుకి 20, ఆ పద్ధతిని ఇంకో ల్యాబ్ ఎత్తుకుందా అన్నదానికి 15.

ఇక డబ్బు. పాతిక వేలూ గైడు చేతికివ్వకండి. పది ఆయనకి, పదిహేను ఆ ల్యాబ్ స్కాలర్ల ప్రయాణాలకి పెట్టండి, అదీ ముందుగానే. ‘ముందు మీరు పెట్టుకోండి, బిల్లులు పెడితే తర్వాత ఇస్తాం’ అనే నియమం వల్ల సదస్సులకి వెళ్లలేకపోయే పిల్లలున్నారు. సభ కూడా సాయంత్రం బీచ్ రోడ్డు హోటల్లో కాకుండా పగటిపూట, ఆర్టీసీ కాంప్లెక్స్‌కి దగ్గర్లో పెట్టుకోండి. పాడేరు నుంచి వచ్చేవాళ్లు ఘాట్ రోడ్డెక్కి తిరిగి వెళ్లాలి.

జీన్లకి కులం, ప్రాంతం తెలియవు కదా. ల్యాబ్‌లో ఎవరుంటే ఏం? ఫలితం ఒకటే కాదా?
– ఇంటర్ బయాలజీ ఉపాధ్యాయుడు, అనకాపల్లి

పీసీఆర్ యంత్రం ముందు ఎవరు నిలబడ్డా జెల్ మీద డీఎన్ఏ పట్టీ ఒకేచోట పడుతుంది, ఒప్పుకుంటాం. తేడా దానికంటే ముందుంది: ఏ నమూనా తీయాలి, ఏ ప్రశ్న అడగాలి అన్న దగ్గర.

2009లో లెక్క చూస్తే, జబ్బులతో ముడిపడిన జన్యు తేడాల కోసం మొత్తం జీనోమ్‌ను (మనిషి డీఎన్ఏ అంతటినీ) వెతికే అధ్యయనాల్లో పాల్గొన్నవాళ్లలో 96 శాతం ఐరోపా సంతతి. 2016 నాటికి 81 శాతానికి దిగింది. అదే 2009లో ఎంవైబీపీసీ3 అనే గుండె కండర జన్యువులో 25 అక్షరాలు ఊడిపోయిన మార్పు ఎంతమందిలో ఉందో బయటపడింది. దక్షిణాసియా వాళ్లలో దాదాపు 4 శాతం మందిలో ఉంటుంది, గుండె కండర జబ్బు ముప్పు పెంచుతుంది. ఐరోపా నమూనాల్లో ఎంత వెతికినా అది దొరికేది కాదు.

మన దగ్గరి ఉదాహరణ కావాలంటే మత్తు డాక్టర్లని అడగండి. ఆపరేషన్‌కి ముందు కండరాలు వదులవడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ మామూలుగా పది నిమిషాల్లోపు విరుగుతుంది. దాన్ని విరిచే ఎంజైమ్ లోపించినవాళ్లకి గంటల తరబడి ఊపిరి అందదు, వెంటిలేటర్ మీదే ఉంచాలి. ఈ లోపం ఆర్యవైశ్యుల్లో మిగతావాళ్లకంటే బాగా ఎక్కువ. అందుకే ‘మీరు వైశ్యులా?’ అని అడిగే డాక్టర్లున్నారు, అది కులం ఆరా కాదు. ఆపరేషన్ బల్ల దగ్గర తెలిసిన ఈ విషయం వెనకున్న జన్యు మార్పుని పట్టాలంటే, ఆ ప్రశ్న అడగాలని తోచే మనిషి ల్యాబ్‌లో ఉండాలి.

అయితే ఒక హెచ్చరిక. నమూనాల్లో వైవిధ్యం వేరు, పనివాళ్లలో వైవిధ్యం వేరు. జీనోమ్ ఇండియా ప్రాజెక్టు 20 సంస్థలతో 10,000 మంది జీనోమ్‌లు చదివి, 2025 జనవరిలో డేటాను ఫరీదాబాద్‌లోని జాతీయ కేంద్రం ద్వారా పరిశోధకులకి తెరిచింది. మంచి పని. దాని ఫలం రక్తమిచ్చిన సమూహాల పిల్లలకీ అందాలంటే, ఆ డేటాని విప్పి చదవగలిగినవాళ్లు అక్కణ్నుంచీ రావాలి. 30 రెట్ల లోతులో, అంటే ప్రతి అక్షరాన్నీ సగటున 30 సార్లు, చదివిన ఒక్క జీనోమ్ అంటే సుమారు 9,000 కోట్ల అక్షరాలు, 8 జీబీ ల్యాప్‌టాప్ దాన్ని మోయలేదు. శిక్షణకి 22వ క్రోమోజోమ్ ఒక్కటే కత్తిరించి ఇస్తే అదే ల్యాప్‌టాప్‌లో పని నడుస్తుంది. ఈ మాత్రం ఆలోచించిన గైడుకి మార్కులివ్వాల్సిందే.

నేను ఎమ్మెస్సీ హ్యూమన్ జెనెటిక్స్ చదువుతున్నాను. నాకు సికిల్ సెల్ వ్యాధి ఉంది. ల్యాబ్ పని నీకు కుదరదు, వేరేదేమైనా చూసుకో అంటున్నారు. నిజమేనా?
– ఒక విద్యార్థిని, పాడేరు

కాదమ్మా. నీకు కావలసినవి కొన్ని సర్దుబాట్లు, అంతే. చలి, ఒంట్లో నీళ్లు తగ్గడం, అలసట, జ్వరం సికిల్ సెల్ నొప్పిని తిరగబెడతాయి. అందుకని 4 డిగ్రీల కోల్డ్‌రూమ్‌లో గంటలకొద్దీ నిలబడే పని వద్దు. మైనస్ 80 ఫ్రీజర్ తలుపు తీసి పెట్టెలు వెతికే పనీ వద్దు. ఏ అరలో ఏ పెట్టె ఉందో పటం రాసి అంటిస్తే నీ బదులు మరొకరు నిమిషంలో తీసిస్తారు, అందరికీ లాభమే. ల్యాబ్ లోపల నీళ్లు తాగకూడదన్న నియమం సరైనదే, దాన్ని తీసేయమనకు. గంటకోసారి బయటికెళ్లి తాగొచ్చే వెసులుబాటు అడుగు. ఏసీ గాలి నేరుగా పడే బల్ల మార్పించుకో. జ్వరమొస్తే మాత్రం ప్రయోగం పూర్తయ్యేదాకా ఆగకు, ఆస్పత్రికి వెళ్లు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో సికిల్ సెల్ వ్యాధి ఉంది. 40 శాతం లేదా అంతకుమించి ధ్రువీకరణ ఉంటే ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం సీట్ల రిజర్వేషన్, చేరడానికి ఐదేళ్ల వయో సడలింపు వర్తిస్తాయి. యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) తీసుకున్నావో లేదో చూసుకో.

ఇంకో సంగతి. ప్రాక్టికల్స్‌లో విద్యార్థుల రక్తమే తీసి, సికిల్ సెల్‌కి మూలమైన హెచ్‌బీబీ జన్యువు పరీక్షించే అలవాటు కొన్నిచోట్ల ఉంది. ఆరో కోడాన్‌లో (మూడక్షరాల ముక్కలో) ‘ఏ’ స్థానంలో ‘టీ’ ఉందో లేదో జెల్ మీద తరగతి మొత్తానికీ కనబడిపోతుంది. నీ రక్తం ఇవ్వనని చెప్పే హక్కు నీకుంది. వాడాల్సింది బయట కొన్న కంట్రోల్ (పోలిక కోసం వాడే) డీఎన్ఏ. (మద్దిలపాలెం కార్యదర్శిగారూ, ల్యాబ్ నడిపే తీరుకిచ్చే ఆ 20 మార్కుల్లో దీన్నీ చూడండి.)

నామినేషన్‌లో విద్యార్థుల కులాలు రాయాలా? రాయకపోతే కృషి ఎలా తెలుస్తుంది?
– ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్, పెదవాల్తేరు

ఎవరికివారు చెప్పుకుని, రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే రాయండి, అదీ మొత్తం సంఖ్యలుగా. ఒక గడిలో ఐదుగురికంటే తక్కువుంటే ‘5 లోపు’ అని వేయండి. నలుగురున్న ల్యాబ్‌లో ‘ఎస్టీ మహిళ: 1’ అని రాస్తే పేరు రాసినట్టే. వేదిక మీద ‘మేం పైకి తెచ్చిన అమ్మాయి’ అని నిలబెట్టి చప్పట్లు కొట్టించడం మరీ అన్యాయం, ఆ పిల్ల ఆ సభకి తన పరిశోధన చెప్పడానికి వస్తుంది.

ఇలాంటి పురస్కారాలు ఎక్కడైనా ఉన్నాయా?
– పాఠకుడు, సీతమ్మధార

అమెరికా జాతీయ మానవ జీనోమ్ పరిశోధన సంస్థ జన్యు రంగంలో పనివాళ్ల వైవిధ్యం పెంచేందుకు 2021లో ఒక కార్యాచరణ ప్రకటించింది. ఈ కృషి చేసినవాళ్లకి తమ సంస్థలోనే పనిచేసిన బెట్టీ గ్రాహం పేరిట పురస్కారమూ పెట్టింది. అమెరికాలోనే 2011లో మొదలైన ‘సింగ్’ వేసవి శిక్షణ ఆదివాసీ యువతకి జీనోమిక్స్ నేర్పుతుంది, అది తర్వాత న్యూజిలాండ్, కెనడా, ఆస్ట్రేలియాలకీ పాకింది. మన దేశంలో 2020లో వచ్చిన ‘గతి’ కార్యక్రమం మహిళల విషయంలో సంస్థల తీరుని లెక్కకడుతుంది, తొలి విడతలో 30 సంస్థల్ని తీసుకున్నారు.

టెక్నీషియన్‌ని కూడా నామినేట్ చేయొచ్చా?
– ల్యాబ్ అసిస్టెంట్, గాజువాక

చేయొచ్చు, చేయాలి. కొత్తగా వచ్చినవాళ్లకి మైక్రోపిపెట్ పట్టుకోవడం నేర్పేది చాలాచోట్ల మీరే. ఫారంలో ‘హోదా: ప్రొఫెసర్/అసోసియేట్ ప్రొఫెసర్’ అని అచ్చువేసి ఉంటే ఆ గడి కొట్టేసి మీ హోదా రాసి పంపండి.