కావలి నుంచి నెల్లూరుకి రోజూ ఆఫీసుకి వెళ్ళాలంటే కారు చవకా, రైలు చవకా?

ఒక్కరే వెళ్తుంటే రైలు నెల పాసే చవక, కారు దాని దరిదాపుల్లోకి కూడా రాదు. ఎందుకంటే కారులో మీరొక్కరున్నా నలుగురున్నా డీజిలో పెట్రోలో దాదాపు అంతే కాలుతుంది, ఆ ఖర్చంతా మీ ఒక్కరి మీదే పడుతుంది, అదే రైలు పాస్ అయితే కొన్ని ట్రిప్పుల ఛార్జీకే నెలంతా తిరగనిస్తారు.

లెక్క చూడండి, రానూపోనూ ఓ 110 కిలోమీటర్లు అనుకుందాం, లీటరుకి 18 వచ్చే కారుకి 6 లీటర్లు పైనే, లీటరు 110 వేసుకుంటే రోజుకి దాదాపు 670 రూపాయలు, హైవే టోల్ వేరే. సెకండ్ క్లాస్ నెల పాస్ ఈ ఒక్కరోజు పెట్రోల్ డబ్బుల్లోపే వచ్చేస్తుంది. నెల్లూరు స్టేషన్ నుంచి ఊళ్ళో దర్గామిట్ట వైపు షేర్ ఆటో ఎక్కినా తేడా పెద్దగా మారదు.

చాలామంది పొరబడేది ఎక్కడంటే, పాస్ ఉంటే ఏ రైలైనా ఏ బోగీ అయినా ఎక్కేయొచ్చు అనుకుంటారు. మామూలుగా అది జనరల్ బోగీకే, సూపర్‌ఫాస్ట్ ఎక్కాలంటే పాస్ మీద అదనపు ఛార్జీ కట్టుండాలి, స్లీపర్‌లో కూర్చుంటే టీటీఈ ఫైన్ రాస్తాడు. ఇంకొకటి, కారు ఖర్చంటే పెట్రోల్ ఒక్కటే అని లెక్కేస్తారు, టైర్లు, సర్వీసింగ్, ఇన్సూరెన్స్ ఎవరూ కలపరు.

నలుగురు కలిసి ఖర్చు పంచుకున్నా రైలుకన్నా ఎక్కువే అవుతుంది, కాకపోతే రాత్రి షిఫ్ట్ వాళ్ళకి, టైముకి రైలు దొరకని వాళ్ళకి మాత్రం కారే నయం.