మేష్టారిని అడగండి: టెంపుల్టన్ సొమ్ముతో సైన్సు చేయొచ్చా?

ప్రశ్న: మా అక్క కొడుకు అమెరికాలో మెదడు మీద పరిశోధన చేస్తున్నాడు. వాళ్ళ ల్యాబుకి టెంపుల్టన్ ఫౌండేషన్ గ్రాంటు వచ్చిందట. ‘సైన్సులోకి మతాన్ని దూర్చడానికి ఇచ్చే డబ్బది’ అని స్నేహితుడు అన్నప్పట్నుంచి వాడికి మనసు మనసులో లేదు. ఏం చెప్పమంటారు?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: అమ్మా, ముందు ఆ డబ్బు సంగతి చెబుతాను. జాన్ టెంపుల్టన్ 1912లో టెన్నెసీ రాష్ట్రంలో పుట్టాడు. 1939లో యూరప్‌లో యుద్ధం మొదలై అందరూ బెంబేలెత్తుతుంటే, పది వేల డాలర్లు అప్పు చేసి 104 కంపెనీల షేర్లు కొన్నాడు. అన్నీ డాలరుకో, అంతకంటే తక్కువకో దొరికినవే. తర్వాత మ్యూచువల్ ఫండ్లలో బాగా గడించాడు. గట్టి క్రైస్తవ విశ్వాసి. అయినా దేవుడి గురించి మనిషికి తెలిసింది బహు తక్కువని, సైన్సు లాగే ఆ విషయంలోనూ వెతుకుతూ పోవాలని నమ్మేవాడు. 1987లో ఫౌండేషన్ పెట్టాడు. విశ్వం ఎలా మొదలైంది, చైతన్యం (మనకుండే స్పృహ) అంటే ఏమిటి, క్షమించడం వల్ల మనిషికి ఏమవుతుంది – మామూలు గ్రాంట్లు అంతగా పట్టించుకోని ఇలాంటి ప్రశ్నలకి అది డబ్బిస్తుంది.

ఆ స్నేహితుడి అనుమానం తీసిపారేసేది కాదు. భౌతిక శాస్త్రవేత్త షాన్ కారల్ ఆ సొమ్ము ముట్టనని బాహాటంగానే చెప్పాడు. సైన్సూ మతమూ ఒకే దారిలో నడుస్తున్నాయన్న భ్రమ కలిగించడానికి తన పేరు పనికిరాకూడదన్నది ఆయన వాదన. నేను దాన్ని గౌరవిస్తాను. కానీ ఫిజిక్సు పాఠాలు చెప్పి రిటైరైనవాడిగా నేను మొదట చూసేది డబ్బిచ్చినవాడి నమ్మకాన్ని కాదు, ప్రయోగం కట్టిన తీరుని.

ఆ ఫౌండేషన్ సొమ్ముతోనే జరిగిన ఒక అధ్యయనం చూడండి. గుండెకి బైపాస్ చేయించుకునే 1,802 మందిని తీసుకుని చీట్లు తీసినట్టు మూడు గుంపులు చేశారు. మొదటి గుంపు కోసం ప్రార్థన చేయించారు, రెండోదానికి చేయించలేదు. ఈ రెండు గుంపులకీ ‘మీ కోసం ప్రార్థించవచ్చు, ప్రార్థించకపోవచ్చు’ అని మాత్రమే చెప్పారు. మూడో గుంపుకి మాత్రం ప్రార్థన జరుగుతుందని ఖాయంగా చెప్పి, చేయించారు. ప్రార్థించేవాళ్ళకి రోగి పేరు, ఇంటిపేరులో మొదటి అక్షరం మాత్రమే ఇచ్చారు. ఆపరేషన్‌కి ముందురోజు రాత్రి మొదలుపెట్టి 14 రోజులు ప్రార్థించారు. 24 లక్షల డాలర్ల ఖర్చు, అందులో ఎక్కువ భాగం టెంపుల్టన్ వాళ్ళదే.

2006లో ఫలితం అచ్చయింది. ఆపరేషన్ తర్వాత చిక్కులు వచ్చినవాళ్ళు మొదటి గుంపులో 52 శాతం, రెండోదాంట్లో 51 శాతం. ప్రార్థన వల్ల తేడా ఏమీ కనబడలేదు. తమ కోసం ప్రార్థిస్తున్నారని తెలిసిన మూడో గుంపులో 59 శాతం! ‘నా పరిస్థితి అంత బాగాలేదా?’ అని బెంగపెట్టుకున్నారేమోనని పరిశోధకుల్లోనే ఒకరు అన్నారు, కాకతాళీయమూ కావచ్చు. ఎలాగైనా విశ్వాసులకి రుచించే ఫలితం కాదిది. అయినా పేరున్న గుండె వైద్య పత్రికలోనే వచ్చింది. మతానికి వకాల్తా పుచ్చుకోవడానికే పరిశోధకుల్ని కొనేస్తారన్న మాట ఇక్కడ నిలబడదు.

మీవాడి రంగంలోనే ఇంకోటి ఉంది. టెంపుల్టన్ పేరుతోనే ఉన్న మరో ధర్మనిధి, చైతన్యం మీద పోటీపడే రెండు సిద్ధాంతాలవాళ్ళని ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టింది. ఒకరు కీలకం మెదడు వెనక భాగంలో ఉందంటారు, ఇంకొకరు ముందు భాగం తప్పనిసరి అంటారు. ఏది కనబడితే ఎవరి మాట తప్పో ముందే రాయించుకుని, 256 మంది మీద పరీక్షించారు. 2025లో ‘నేచర్’లో వచ్చిన ఫలితాలు రెండు పక్షాలకీ కొన్ని దెబ్బలు తగిలించాయి.

నా అసలు బెంగ వేరే ఉంది. డబ్బు జవాబుని మార్చకపోయినా, ఏ ప్రశ్న అడగాలో తేల్చేస్తుంది. గ్రాంటు ఎటుంటే కుర్రకారు అటే పోతారు. అందుకని మీవాడు మూడు సంగతులు ఆరా తీయాలి: ఫలితం ఎలా వచ్చినా అచ్చేసే హక్కు ల్యాబుదేనా? డేటా ఎవరి చేతిలో ఉంటుంది? ఈ గ్రాంటు లేకపోయినా ఈ ప్రశ్న తాను వేసుకునేవాడా? మొదటి రెండింటికీ సరైన జవాబు కాగితం మీదే ఉండాలి, నోటిమాట చాలదు. మూడోదానికి కాదనే జవాబొస్తే, గైడుతో మాట్లాడి వేరే ప్రాజెక్టులోకి మారమనండి.

ప్రశ్న: టెంపుల్టన్ ప్రైజు మనవాళ్ళకి వచ్చిందా?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: వచ్చింది. ఆధ్యాత్మిక విషయాల్లో చేసిన కృషికి, డబ్బులో నోబెల్ కంటే ఎక్కువే ఉండాలని టెంపుల్టన్ పట్టుబట్టి పెట్టిన బహుమతి అది. 1973లో మొట్టమొదట కలకత్తాలోని మదర్ థెరిసాకే ఇచ్చారు. 1975లో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారికి వచ్చింది. మన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి 1931 నుంచి 1936 దాకా వైస్ ఛాన్సలర్‌గా ఉన్నది ఆయనే. ఆ డబ్బంతా ఆక్స్‌ఫర్డ్‌కి ఇచ్చేశారు. 1990లో కుష్ఠు రోగులకి సేవ చేసిన బాబా ఆమ్టే, 1997లో స్వాధ్యాయ ఉద్యమం నడిపిన పాండురంగ శాస్త్రి అథవలే అందుకున్నారు. ఈమధ్య భౌతిక శాస్త్రవేత్తలకీ ఎక్కువగానే వెళ్తోంది. 2022లో ఫ్రాంక్ విల్చెక్‌కి ఇచ్చారు, ఆయనకి అప్పటికే నోబెల్ ఉంది.