అల్లుడి కాంట్రాక్టును నమ్మి ఇల్లు తాకట్టు పెడతారా?

ప్రశ్న: మేము టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. నాకు 56 ఏళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా అమెరికన్ అల్లుడు బాస్కెట్‌బాల్ ఆటగాడు. ఒక ఎన్‌బీఏ (అమెరికా ప్రధాన బాస్కెట్‌బాల్ లీగ్) జట్టు అతనితో 2025-26 సీజన్‌కు 12,72,870 డాలర్ల కాంట్రాక్టు కుదుర్చుకుంది. పైగా స్పాన్సర్ల ద్వారా ఇంకొంత ఇప్పిస్తామని మాట ఇచ్చారట. పిల్లలు ఇల్లు కొంటున్నారు. డౌన్ పేమెంటుకు నేను మా ఇంటి మీద లక్షన్నర డాలర్ల లోను తీసి ఇస్తే ఫిబ్రవరిలో తీర్చేస్తామంటున్నారు. బ్యాంకుకు మాత్రం అది బహుమతి అని రాసి ఇవ్వాలట. ఇంటి కొనుగోలు ఒప్పందంలో ఆప్షన్ గడువు (వెనక్కి తగ్గే వీలున్న రోజులు) వచ్చే శుక్రవారం వరకు ఉంది. స్థిర వడ్డీ మంచిదా, మారే వడ్డీ మంచిదా? నా చేతిలో రెండు నెలల ఖర్చులకు సరిపడా డబ్బుంది.

జవాబు: వడ్డీ సంగతి అలా ఉంచండి. 56 ఏళ్ల వయసులో, ఎప్పుడు ఎవరిని తీసేస్తారో తెలియని రంగంలో, రెండు నెలల డబ్బుతో కూర్చున్న మనిషి ఇంటిని తాకట్టు పెట్టి మరొకరికి ఇల్లు కొనిపెడతానంటున్నాడు. నాకు కనిపించింది అదొక్కటే.

మీరు పంపిన కాగితం చూశాను. జీతం అంకె చూసి సంబరపడ్డారు గానీ, కింద ‘ఎగ్జిబిట్ 10’ (సీజన్‌కు ముందే జీతం లేకుండా వదిలేయవచ్చనే షరతు) అని ఉన్న చోట ఆగలేదు. ఆ 12.72 లక్షలు కొత్త ఆటగాడికి లీగ్ నిర్ణయించిన కనీస జీతం. అదీ సీజన్ మొత్తం జట్టులో ఉంటేనే. శిక్షణ శిబిరానికి 21 మంది దాకా వస్తారు. సీజన్ మొదలయ్యేసరికి మిగిలేది మామూలు కాంట్రాక్టుల మీద 15 మంది, టూ-వే (ఎన్‌బీఏలోనూ, దాని కింది స్థాయి జీ లీగ్‌లోనూ ఆడే) కాంట్రాక్టుల మీద ముగ్గురు. మీ అల్లుణ్ని ఆలోగా వదిలేస్తే ఆ జీతంలో ఒక్క డాలరూ రాదు. అనుబంధ జీ లీగ్ జట్టులో 60 రోజులు ఉంటే బోనస్ వస్తుంది. దాని గరిష్ఠ పరిమితే 85,300 డాలర్లు. మీ అప్పులో అది ఎంత భాగమో మీరే చూడండి.

ఒకవేళ జట్టులో నిలిచాడనుకుందాం. సీజన్ 174 రోజులు, రోజుకు సుమారు 7,315 డాలర్లు. నవంబర్ 20న పంపించేస్తే అప్పటికి లెక్క 2.27 లక్షలు. అందులో ఫెడరల్ పన్ను, ఆడిన రాష్ట్రాల పన్ను, ఏజెంటుకు 2 శాతం దాకా, ఎస్క్రో కింద లీగ్ పట్టి ఉంచే 10 శాతం పోవాలి. మొదటి చెక్కు చేతికొచ్చేది నవంబర్ 15న. జనవరి 10 దాటితేనే మిగతా సీజన్ జీతానికి హామీ. అందుకే ఆ తేదీకి మూడు రోజుల ముందే జట్లు ఎందరినో వదిలించుకుంటాయి. ఫిబ్రవరిలో తీరుస్తానన్న మాట దేని మీద నిలబడింది?

ఇక స్పాన్సర్ల మాట. ఎన్‌బీఏలో జట్టు కాంట్రాక్టు బయట ఆటగాడికి డబ్బు ఇప్పించడం నిషేధం. జో స్మిత్ అనే ఆటగాడితో మిన్నెసోటా జట్టు రహస్య ఒప్పందం చేసుకున్నట్లు 2000లో బయటపడితే, లీగ్ ఆ జట్టుకు 35 లక్షల డాలర్ల జరిమానా వేసి, కొత్త ఆటగాళ్లను ఎంచుకునే ఐదు మొదటి రౌండు అవకాశాలు లాగేసుకుంది (కొన్ని తర్వాత తిరిగి ఇచ్చింది). స్మిత్ కాంట్రాక్టు రద్దయింది. అలాంటి మాటను ఆస్తి లెక్కలో వేయకండి.

ఆ బహుమతి పత్రం సంగతి మరీ ఘోరం. తిరిగి తీసుకునే డబ్బును బహుమతి అని సంతకం చేస్తే బ్యాంకుకు అబద్ధం చెప్పినట్లే. రేపు పిల్లల మధ్య ఏదైనా తేడా వస్తే, ‘ఇది అప్పు కాదు’ అని మీరే రాసి ఇచ్చిన కాగితం మీకే ఎదురు నిలుస్తుంది.

నాకు వచ్చే ఉత్తరాల్లో సగం ఇలాంటివే. జాయినింగ్ బోనస్ వస్తుందని కారు, వేరియబుల్ పే వస్తుందని ప్లాటు. రాబోయే డబ్బుకు ఈరోజే ఖర్చు రాసేస్తారు. మీరు ముందు ఆరు నెలల ఇంటి ఖర్చు, మీ ఇంటి వాయిదాతో కలిపి, వేరే ఖాతాలో పెట్టండి. అప్పటిదాకా ఎవరికీ అప్పు ఇవ్వకండి. పిల్లలకు ఆరు నెలలు చాలవు, ఏడాదికి ఉండాలి. జట్టు వదిలేస్తే రోజు జీతం ఆగే వృత్తి అది. 2011లో జట్ల యజమానులు ఆట ఆపేసిన లాకౌట్ వల్ల నవంబర్ 15 చెక్కే రాలేదు, సీజన్ 66 మ్యాచ్‌లకు కుదిరింది. అప్పుడు చాలా మంది స్టార్లకు కూడా చేతిలో నగదు ఎంత ఉందన్నదే ప్రశ్న అయింది. అల్లుడు గాయాల బీమా గురించి ఏజెంటును అడగాలి. మిగతా పెట్టుబడుల గురించి జనవరి తర్వాత మాట్లాడుకుందాం.

ఆప్షన్ గడువు లోపల కారణం చెప్పకుండానే ఒప్పందం నుంచి బయటపడవచ్చు. పోయేది ఆప్షన్ రుసుమే. గురువారం సాయంత్రంలోగా పిల్లల చేత రాతపూర్వక నోటీసు ఇప్పించండి. ప్రస్తుతానికి అద్దె ఇల్లే చూసుకోమనండి, అదీ నెలనెలా ఖాళీ చేయగలిగే షరతు మీద. రేపు వేరే ఊరి జట్టు పిలవవచ్చు.