మూడు ఉతుకులకే అట్టలా అయిన సాటీన్ దుప్పటి

మీ సాటీన్ (మెరుపు నేత నూలు) దుప్పటి మూడు ఉతుకులకే అట్టలా అయింది, పాడైపోయిందా అని అడిగారు కదా. బట్ట పాడవలేదండీ, దాని మీద పొర పట్టింది. విజయనగరంలో మీ ఇంట్లో బోరు నీళ్లే అన్నారు కదా. ఆ నీళ్లలోని కాల్షియం, వదలని సబ్బుపొడి, పైన బట్ట మెత్తబడాలని మీరు పోసే సాఫ్ట్‌నర్ కలిసి నూలుకి అంటుకున్నాయి.

1. సాఫ్ట్‌నర్ మానేయండి.

2. సబ్బుపొడి లేకుండా, బకెట్ గోరువెచ్చని నీళ్లలో అరకప్పు తెల్ల వెనిగర్ వేసి అరగంట నానబెట్టండి. బ్లీచింగ్‌తో మాత్రం కలపొద్దు, విషవాయువు వస్తుంది.

3. అందరూ వదిలేసేది జాడింపు. మెషీన్‌లో ఎక్స్‌ట్రా రిన్స్ పెట్టండి. అయ్యాక దుప్పటి మూలని గ్లాసుడు మంచినీళ్లలో పిసికి చూడండి. నీళ్లు తెల్లబడినా, నురగ వచ్చినా ఇంకోసారి జాడించాల్సిందే. నేనైతే చివరి జాడింపుకి రెండు బకెట్ల మంచినీళ్లు వేరుగా ఉంచుకుంటాను.

4. గట్టిగా దులిపి నీడలో ఆరేయండి.

ఒక్కసారికే పూర్తిగా పోదు, రెండు మూడు ఉతుకులు పట్టొచ్చు.

ఈసారి కొనేటప్పుడు 1000 కౌంట్ (చదరపు అంగుళంలో ఉండే దారాల లెక్క) అంటే పడిపోకండి. పురిపెట్టిన దారంలో ఒక్కో పోగునీ విడిగా లెక్కేసి ఆ అంకె చెప్పేవాళ్లున్నారు. పక్కనే ఖద్దరుకి పేరున్న పొందూరు పెట్టుకుని మనం అంకెలు చూసి బట్ట కొనడమేంటండీ! మన ఉక్కపోతకి 300 కౌంట్ పర్కేల్ (మామూలు సాదా నేత నూలు బట్ట) చాలు.